మీకు తెలుసా? ప్రీయాంపు: కొత్తదా, వాడినదా?

పవర్ యాంప్లిఫయరు గురించి అడిగితే ఎవరైనా వాట్ల లెక్క చెబుతారు. స్పీకర్ల గురించి అడిగితే చేతులు చాపి సైజు చూపిస్తారు. ఈ రెంటికీ ముందు కూర్చునే ప్రీయాంప్లిఫయరు ఏం చేస్తుందో మాత్రం, డబ్బు పోసి కొన్నవాళ్లలోనే చాలామంది చెప్పలేరు. హై-ఎండ్ కంపెనీల కొత్త ప్రీయాంపుల ధర లక్షల్లో ఉంటుంది. అదే కంపెనీ పదేళ్లనాటి మోడలు సగం ధరకో, ఇంకా తక్కువకో దొరుకుతుంది. ఏది తీసుకోవాలో తేల్చుకునే ముందు పెట్టె మూత తీసి చూడాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

పెంచడం కన్నా తగ్గించడమే ఎక్కువ

ప్రీయాంపు పని సిగ్నలును పెంచడమని అందరూ అనుకుంటారు. ఇంట్లో మామూలుగా పాటలు వినేటప్పుడు అది చేసేది చాలావరకు తగ్గించడమే. సీడీ ప్లేయరు నుంచి గరిష్ఠంగా 2 వోల్టుల దాకా సిగ్నలు వస్తుంది. చాలా పవర్ యాంపులు పూర్తి జోరుతో మోగడానికి ఒకటి, ఒకటిన్నర వోల్టు సరిపోతుంది. మేడమీద ట్యాంకు ఎప్పుడూ నిండుగానే ఉంది, ప్రీయాంపు దాని కింది కుళాయి. ఎన్ని లక్షలు పోసినా మనం కొనేది ముఖ్యంగా ఒక మంచి కుళాయినే.

పాతవాటితో ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. 1960, 70లలో ట్యూనర్లు, టేప్‌డెక్‌లు ఇచ్చే సిగ్నలు వోల్టులో చిన్న భాగమే. అందుకే అప్పటి ప్రీయాంపుల్లో లైన్ ఇన్‌పుట్లకు కూడా పది రెట్ల దాకా పెంపు పెట్టేవారు. అలాంటిదానికి ఇప్పటి సీడీ ప్లేయరు తగిలిస్తే, నాబ్ కొంచెం కదిలేసరికే గది దద్దరిల్లుతుంది. మామూలు వాల్యూమ్ పాట్‌లో (నాబ్ తిప్పే పొటెన్షియోమీటరులో) ఎడమ, కుడి చానళ్లు సరిగ్గా సమానంగా రానిది కూడా ఆ మొదటి కొసలోనే. గాయని గొంతు మధ్యలోంచి రావాల్సింది ఓ పక్కకు జరిగినట్టు వినిపిస్తుంది. పాత ప్రీయాంపు బాగాలేదని అమ్మేసిన వాళ్లలో కొందరి కష్టం నిజానికి ఇంతే. దీనికి మందు చవకే: తీగకూ సాకెట్టుకూ మధ్య తగిలించే 10 లేదా 12 డెసిబెల్స్ అటెన్యుయేటర్ల జత. నాబ్ మధ్యభాగానికి వస్తుంది, గొంతు మధ్యకు వస్తుంది.

ఎల్‌పీ దగ్గర కథ తిరగబడుతుంది

గ్రామఫోను ముల్లు దగ్గర మాత్రం ప్రీయాంపు నిజంగానే చెమటోడ్చాలి. మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జి ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. మూవింగ్ కాయిల్ అయితే అందులో పదోవంతే. పైగా రికార్డు మీద బాస్‌ను తగ్గించి, సన్నని స్వరాలను పెంచి చెక్కుతారు. దాన్ని తిరగేసి సరిచేయడం ఫోనో భాగం పని. ఆర్‌ఐఏఏ అనే ఈ ప్రమాణం 1954లో స్థిరపడింది. దాని ప్రకారం 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ పెంచాలి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే తగ్గించాలి. వోల్టేజిలో చెప్పాలంటే పది రెట్లు పైకి, పది రెట్లు కిందికి.

ఇక్కడ పాతవాటిదే పైచేయి. 1970, 80ల హై-ఎండ్ ప్రీయాంపుల్లో దాదాపు అన్నిట్లో మంచి ఫోనో భాగం లోపలే ఉంటుంది, ఎందుకంటే అప్పట్లో ఇంట్లో ప్రధానంగా మోగేది ఎల్‌పీనే. నేటి కొత్త మోడళ్లలో చాలావాటికి అది అదనపు కార్డుగానో, విడిగా ఇంకో పెట్టెగానో కొనాలి. ధర పోల్చేటప్పుడు ఈ లెక్క వేయనివాళ్లు ఎక్కువ.

ఇంకో మాట. 1954కు ముందు ఒక్కో రికార్డు కంపెనీది ఒక్కో లెక్క. స్థానం నరసింహారావు, బళ్లారి రాఘవల కాలం నాటి 78 ప్లేట్లు ఇంట్లో ఉన్నవాళ్లకు ఆర్‌ఐఏఏ ఒక్కటే ఉన్న కొత్త ప్రీయాంపు సరిపోదు. 1950ల ప్రీయాంపుల ముఖం మీద ఈ లెక్కలు మార్చుకునే స్విచ్‌లు ఉండేవి. న్యూయార్కులో గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేసిన సాల్ మారంట్జ్ ఆ గొడవ తీర్చుకోవడానికే ఇంట్లో ఒక ప్రీయాంపు కట్టుకున్నాడు. స్నేహితులు తమకూ కావాలన్నారు. మారంట్జ్ కంపెనీ పుట్టింది అలా.

వయసు ఏళ్లలో కాదు, గంటల్లో

ట్రాన్సిస్టరు ప్రీయాంపులో ముందుగా ముసలిదయ్యేది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు. లోపలి ద్రవం మెల్లగా ఆరిపోతుంది. ఎంత మెల్లగా అన్నది వేడి మీద ఆధారపడుతుంది. ఇంజినీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది: వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు. పాత ప్రీయాంపులో 85 డిగ్రీల దగ్గర 2,000 గంటల ఆయుష్షున్న కెపాసిటరు ఉందనుకోండి. పెట్టె లోపల 45 డిగ్రీలు ఉంటే అది 16 రెట్లు, అంటే 32,000 గంటలు రావాలి. రోజుకు మూడు గంటలు వింటే 29 ఏళ్లు. స్విచ్ తీయకుండా ఇరవై నాలుగు గంటలూ ఉంచితే నాలుగేళ్లు కూడా నిండవు.

ఇది కాగితం లెక్కే. కెపాసిటరు మీద పూర్తి భారం పడదు కాబట్టి నిజంగా ఇంతకన్నా ఎక్కువే బతుకుతాయి. అయినా నిష్పత్తి మారదు. మే నెలలో రామగుండంలోనో, విజయవాడలోనో గది వేడే 40 దాటినప్పుడు, పెట్టె లోపలి వేడి ఇంకో పది డిగ్రీలు పెరిగితే పైలెక్క సగానికి పడిపోతుంది. కాబట్టి అమ్మేవాడిని ఏ సంవత్సరం మోడలని అడగడంతో ఆపకండి, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచేవారా అని అడగండి. ‘వెచ్చగా ఉంటేనే బాగా పాడుతుంది’ అని ఏళ్ల తరబడి స్విచ్ తీయని శ్రోతలు హై-ఎండ్ లోకంలో బోలెడుమంది. వాళ్ల దగ్గరి ఎనిమిదేళ్ల ప్రీయాంపు, ఆదివారం మాత్రమే వినే పెద్దాయన దగ్గరి పాతికేళ్లదాని కన్నా ఎక్కువ అలసిపోయి ఉండవచ్చు. అన్నట్టు, 25 వాట్ల ప్రీయాంపును నెలంతా ఆన్‌లో ఉంచితే కరెంటు బిల్లులో పడేది 18 యూనిట్లు.

అసలు వాడకుండా అటక మీద పెట్టినదీ నిక్షేపంగా ఏమీ ఉండదు. ఏళ్ల తరబడి కరెంటు తగలని కెపాసిటరులోని ఆక్సైడు పొర పలచబడుతుంది. ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే కాలిపోయే ప్రమాదం ఉంది. అనుభవం ఉన్న మెకానిక్కు దాన్ని సిరీస్ బల్బుతోనో, వేరియాక్ పెట్టి మెల్లమెల్లగా వోల్టేజి పెంచుతూనో నిద్రలేపుతాడు. ‘పెట్టెలోంచే తీయలేదు సార్, కొత్తదే’ అన్న మాటకు ధర పెంచి ఇవ్వకండి.

పాతవాటి కన్నా మధ్యవాటితో జాగ్రత్త

1999 తర్వాత కొన్నేళ్లపాటు తైవాన్‌లో తయారైన కొన్ని కెపాసిటర్లలో ద్రవం మిశ్రమమే తప్పుగా కుదిరింది. కంప్యూటర్ మదర్‌బోర్డుల్లో అవి ఉబ్బి పగిలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆడియో పరికరాలు ఆ దెబ్బ నుంచి పూర్తిగా తప్పించుకోలేదు. అందుకే 2003 నాటి పెట్టె 1978 నాటిదాని కన్నా మంచి స్థితిలో ఉండి తీరాలని లేదు. మూత తీసి, కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉందో, ఉబ్బిందో చూడటానికి నిమిషం చాలు.

గరగర రెండు రకాలు

నాబ్ తిప్పితే గరగరమంటే వెంటనే బేరం వదులుకోనక్కర్లేదు. చాలాసార్లు అది పాట్ లోపలి దుమ్ము, తుప్పు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇది మామూలే. మంచి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాబ్‌ను పదీ ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే పోతుంది. తలుపు బందుల కిర్రు పోవడానికి కొట్టే నూనె స్ప్రే మాత్రం వద్దు.

శుభ్రం చేశాక కూడా గరగర పోలేదంటే అది రెండో రకం. ముందున్న కెపాసిటరు లీకై పాట్ మీదికి డీసీ వస్తోందన్నమాట. పాట్ మార్చినా ఉపయోగం లేదు, రోగం వేరేచోట ఉంది. అమ్మేవాడు ‘చిన్న క్లీనింగు చేయిస్తే చాలు’ అన్నప్పుడు, అంత చిన్న పని ఆయనే ఎందుకు చేయించలేదని ఒకసారి ఆలోచించండి.

వాల్వుల ప్రీయాంపుకు చావు లేదు, ఖర్చు ఉంది

చిన్న సిగ్నలు వాల్వులు మంచివైతే 5,000 నుంచి 10,000 గంటలు వస్తాయి. అరిగిపోతే లాగేసి కొత్తవి గుచ్చడమే, టంకం పని లేదు. ఈ ఒక్క కారణం వల్ల 1958లో వచ్చిన మారంట్జ్ మోడల్ 7 ఈ రోజుకీ మోగుతోంది. దానిలో ఉన్నవి ఆరు 12ఏఎక్స్7 వాల్వులు. వాటిని ఇప్పటికీ తయారు చేస్తున్నారు. అరవయ్యేళ్లు దాటిన యంత్రానికి కొత్త విడిభాగం కొట్లో దొరకడం మిగతా ఎలక్ట్రానిక్స్‌లో ఊహించలేం.

అయితే ఆ కొట్టుకు సరుకు వచ్చే ఫ్యాక్టరీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: రష్యాలో, స్లొవాకియాలో, చైనాలో. 2022 మార్చిలో రష్యా ఎగుమతులపై ఆంక్షలు పెట్టగానే సరాతోవ్ ఫ్యాక్టరీ నుంచి అమెరికాకు వెళ్లే సరుకుకు గండి పడింది, ధరలు ఎగిరాయి. ఒకప్పుడు మన బెంగళూరులోనే భారత్ ఎలక్ట్రానిక్స్ రేడియో వాల్వులు చేసేది. ఆ ముద్ర ఉన్న పాత వాల్వుల కోసం ఇప్పుడు విదేశీయులూ వెతుకుతారు. (మచిలీపట్నంలో ఉన్న భారత్ ఎలక్ట్రానిక్స్ శాఖ పని దుర్భిణులు, కటకాలు, అక్కడికి వాల్వుల కోసం వెళ్లకండి.) పాత స్టాకు పేరుతో మామూలు వాల్వుల మీద పేరున్న కంపెనీ ముద్ర కొట్టి అమ్మే మోసం కూడా ఈ వ్యాపారంలో పాతదే.

వాల్వు ప్రీయాంపు కొనేముందు ఇంకో అంకె చూసుకోవాలి: అవుట్‌పుట్ ఇంపెడెన్సు. దానికి కనీసం పది రెట్లు మీ పవర్ యాంపు ఇన్‌పుట్ ఇంపెడెన్సు ఉండాలి. కొన్ని పాత వాల్వు ప్రీయాంపులది 2, 3 కిలో ఓములు ఉంటుంది. దాన్ని 10 కిలో ఓముల ట్రాన్సిస్టరు పవర్ యాంపుకు కలిపితే మృదంగం పలచబడుతుంది. తప్పు రెంటిలో దేనిదీ కాదు, సంబంధం కుదరలేదంతే.

కరెంటు తీగే లేని ప్రీయాంపులు

ఇంగ్లండులోని క్వాడ్ కంపెనీ 1959లో తెచ్చిన క్వాడ్ 22కు సొంత పవర్ సప్లయి లేదు. పక్కనుండే క్వాడ్ 2 పవర్ యాంపు నుంచే దానికి కరెంటు వెళ్లాలి. నైమ్ కంపెనీ ప్రీయాంపులు చాలావాటిదీ ఇదే పద్ధతి: పవర్ యాంపు నుంచో, హైక్యాప్ లాంటి విడి సప్లయి నుంచో ప్రత్యేకమైన తీగ ద్వారా తీసుకుంటాయి. చవకగా వచ్చిందని ప్రీయాంపు ఒక్కటే కొని ఇంటికి తెస్తే అది అలమారలో బొమ్మ. నేటి ఖరీదైన మోడళ్లలో కూడా పవర్ సప్లయి వేరే పెట్టెలో ఉండటం మామూలే. రెండు పెట్టెలనూ కలిపే తీగ పోయిందంటే దాని జోడీ బజార్లో దొరకదు. రిమోటు సంగతీ అంతే. కొన్ని మోడళ్లలో బ్యాలెన్సు, ఫేజు, ఇన్‌పుట్ పేర్లు మార్చాలంటే రిమోటుతో తప్ప కుదరదు.

సాకెట్ల విషయంలోనూ ప్రపంచమంతా ఒకే దారిలో నడవలేదు. క్వాడ్, నైమ్‌లు డిన్ సాకెట్లు వాడాయి. అమెరికాలో మార్క్ లెవిన్‌సన్ ప్రీయాంపులకు ఒక దశలో కమాక్ అనే సన్నని లాకింగ్ సాకెట్లు ఉండేవి, వాటికి అడాప్టర్లు కావాలి. జపాను కంపెనీ అక్యుఫేజ్ ఎక్స్‌ఎల్ఆర్ సాకెట్లో మూడో పిన్నును పాజిటివ్‌గా పెడుతుంది, మిగతా ప్రపంచం రెండో పిన్నును. కలిపితే ఏదీ కాలిపోదు, పాట వస్తుంది. ఫేజు మాత్రం తిరగబడుతుంది.

తన పేరు తనది కాని మనిషి

మార్క్ లెవిన్‌సన్ అన్నది బ్రాండు పేరు అనుకునేవాళ్లున్నారు. అది బతికున్న మనిషి పేరు. 1972లో ఆయన కంపెనీ పెట్టాడు, మరుసటి ఏడాది వచ్చిన ఎల్‌ఎన్‌పి-2 ప్రీయాంపు అప్పటిదాకా ఎవరూ చూడని ధర పలికింది. నేటి హై-ఎండ్ మార్కెట్టుకు దారి వేసిన పెట్టెల్లో అదొకటి. 1984లో ఆయన కంపెనీ వదిలి బయటికొచ్చాక తన పేరుతోనే ఆడియో సామాను అమ్మే హక్కు కోల్పోయాడు. సెల్లో అనే పేరుతో ఇంకో కంపెనీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆయన పేరున్న బ్రాండు చేతులు మారి హర్మాన్ అనే ఆడియో కంపెనీకి, హర్మాన్‌తోపాటు 2017లో శాంసంగ్ గూటికి చేరింది. మారంట్జ్‌ది కూడా ఇలాంటి ప్రయాణమే: 1964లో సాల్ మారంట్జ్ దాన్ని సూపర్‌స్కోప్ కంపెనీకి అమ్మేశాడు, ఎన్నో చేతులు మారి 2025లో అదీ హర్మాన్ చెంతకే వచ్చింది. నీలిరంగు మీటర్లకు పేరుపడ్డ మెకింటోష్‌ను 2024లో బోస్ కొన్నది.

కొనేవాడికి దీంతో పనేమిటంటారా? సర్వీసు. ముఖం మీది పేరు అదే అయినా, 1975 నాటి సర్క్యూటు తెలిసిన మనుషులు ఇప్పటి కంపెనీలో ఉండాలని లేదు. ఎల్‌ఎన్‌పి-2లో ఇంకో ఇబ్బంది. దాని యాంప్లిఫయరు మాడ్యూళ్లను ఎపాక్సీ పోసి గట్టిగా మూసేశారు. లోపల ఒక చిన్న ట్రాన్సిస్టరు పోయినా మొత్తం దిమ్మ మార్చాల్సిందే. నా లెక్కలో పాత ప్రీయాంపుల్లో కొనదగ్గదీ, కొనకూడనిదీ వేరయ్యే గీత ఇక్కడే ఉంది: విడిభాగాలు వీధి చివర ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే రకమా, కంపెనీ తప్ప ఎవరూ చేయలేని రకమా? ప్రత్యేకంగా చేయించిన వాల్యూమ్ చిప్పులు, ఆరిపోతున్న డిస్‌ప్లే, సీలు చేసిన దిమ్మలు ఉన్నవాటి ధర ఎంత తగ్గినా నాకు చవక అనిపించదు.

పాతదానికీ వారంటీ

కెనడాలోని బ్రైస్టన్ కంపెనీ తన అనలాగ్ పరికరాలకు 20 ఏళ్ల వారంటీ ఇస్తుంది. అది కొన్న మనిషికి కాదు, పెట్టెకు. చేతులు మారినా కొనసాగుతుంది. అయిదేళ్లు వాడిన బ్రైస్టన్ ప్రీయాంపు కొన్నవాడికి ఇంకా పదిహేనేళ్లు మిగిలే ఉంటాయి, చాలా కంపెనీలు కొత్తదానికి కూడా అంత ఇవ్వవు. మిగతావాటిలో చాలావరకు వారంటీ మొదటి కొనుగోలుదారుకు, అదీ కొన్న దేశంలో మాత్రమే. రసీదు పేరు మీది కాకపోతే దాని విలువ సున్నా అనుకుని బేరమాడటం క్షేమం.

అమ్మేశాక కూడా పెట్టెల బాగోగులు చూసిన కంపెనీ ఇంకొకటి: మెకింటోష్ 1962 నుంచి 1991 దాకా అమెరికా అంతటా ఒక విచిత్రమైన శిబిరం నడిపింది. డేవ్ ఓబ్రయన్ అనే ఆయన పరీక్ష పరికరాలు బండిలో వేసుకుని డీలర్ల దగ్గరికి వెళ్లేవాడు. ఏ కంపెనీ యాంప్లిఫయరు తెచ్చినా సరే, ఉచితంగా కొలిచి, గ్రాఫు గీసి చేతిలో పెట్టేవాడు. పోటీ కంపెనీ పెట్టె చెప్పినంత శక్తి ఇవ్వడం లేదని దాని యజమానికే కాగితం మీద చూపించడం కన్నా మంచి అమ్మకం ఏముంటుంది!

అమెరికా నుంచి అన్నయ్య తెస్తే

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లు అక్కడ వాడిన ప్రీయాంపు కొని సూట్‌కేసులో తేవడం కొత్తేమీ కాదు. పవర్ యాంపులా ముప్ఫై, నలభై కిలోలుండదు కాబట్టి 23 కిలోల సామానులో ఇమిడిపోతుంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, జపానులో 100. మన 230కి నేరుగా తగిలిస్తే ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. కొన్ని మోడళ్లలో లోపల తీగలు మార్చి 230కి తిప్పుకోవచ్చు, కొన్నిటికి కంపెనీయే చేయాలి, కొన్నిటికి అసలు కుదరదు. కుదరకపోయినా భయం లేదు. పవర్ యాంపుకైతే బరువైన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి గానీ, ప్రీయాంపు లాగేది పాతిక, ముప్ఫై వాట్లే, 100 వీఏది చాలు. ఆటో ట్రాన్స్‌ఫార్మరు కాకుండా రెండు చుట్లూ విడిగా ఉండేది తీసుకుంటే మంచిది. వాల్వులుంటే ఊడదీసి విడిగా చుట్టి తెమ్మనండి. విమానాశ్రయంలో సుంకం ఎంత పడుతుందో అక్కడ డబ్బు కట్టకముందే కనుక్కోవాలి, దిగాక కాదు.

థియేటరు శబ్దం వెనక ఒక ప్రీయాంపు

సినిమా హాల్లో టీహెచ్‌ఎక్స్ గుర్తు కనబడగానే చప్పట్లు కొట్టిన తరానికి ఈ సంగతి. ఆ ప్రమాణాన్ని రూపొందించిన టామ్లిన్‌సన్ హోల్మన్ అంతకుముందు, 1970ల చివర్లో, ఆప్ట్ అనే చిన్న కంపెనీ కోసం హోల్మన్ ప్రీయాంప్లిఫయరును డిజైన్ చేశాడు. ఆ తర్వాతే జార్జ్ లూకాస్ కంపెనీలో చేరాడు. 1983లో టీహెచ్‌ఎక్స్ వచ్చింది. ఆయన చేసిన ప్రీయాంపు ఇప్పటికీ వాడిన సామాను బజార్లో, పేరున్న హై-ఎండ్ పెట్టెల ధరలో చిన్న భాగానికే కనిపిస్తుంది. పాతవాటిలో చవక, మంచి రెండూ కలిసిన బేరాలు ఇలాంటివే, ముఖం మాత్రం సాదాగా ఉంటుంది.

సేకరించేవాడు వేరు, వినేవాడు వేరు

మారంట్జ్ 7 సేకరించేవాళ్లు లోపలి కెపాసిటర్లు 1958 నాటివే ఉండాలంటారు, లీకవుతున్నా సరే. మార్చితే విలువ పడిపోతుంది. వినేవాడికి కావలసింది సరిగ్గా దీనికి ఎదురు: ఎవరో శ్రద్ధగా కెపాసిటర్లు మార్చి, రసీదు దాచిన పెట్టె. కాబట్టి ‘అన్నీ ఒరిజినల్’ అన్న ప్రకటనకు మీరు ఎక్కువ ధర చెల్లించాల్సిన పనిలేదు. అదే సర్క్యూటును చైనా బోర్డుల మీద కట్టి అమ్మేవీ ఉన్నాయి. అది మారంట్జ్ 7 కాదని తెలిసి, ఆ ధరకే కొంటే తప్పులేదు. పాత రూపం ఇష్టపడి, పాత తలనొప్పి వద్దనుకునేవాళ్ల కోసం క్వాడ్ 2024లో తన 1967 నాటి క్వాడ్ 33ని కొత్త సర్క్యూటుతో మళ్లీ తెచ్చింది.

కొత్తది గెలిచేచోట

శబ్దం లేకపోవడంలో కొత్తవి ముందున్నాయి, దీనిలో వాదన అక్కర్లేదు. అమెరికాలోని బెంచ్‌మార్క్ కంపెనీ ఎల్ఏ4 లాంటివాటిలో వాల్యూమును రిలేలు, రెసిస్టర్లు నడుపుతాయి. ఎంత తక్కువలో పెట్టినా రెండు చానళ్లూ సమానం, గరగర ప్రసక్తే లేదు. దాని గోల ఎంత తక్కువంటే, మునుపటి తరం దిగ్గజాలు కొలతల్లో దాని దరిదాపులకు రావు. హోమ్ థియేటరుతో కలుపుకునే బైపాస్, నిజమైన బ్యాలెన్స్‌డ్ సర్క్యూటు, పడుకునే సోఫా నుంచి రిమోటు — ఇవి కావాలంటే కొత్తదే.

లోపల డ్యాకు (డిజిటల్ సిగ్నలును అనలాగుగా మార్చే భాగం), స్ట్రీమింగు కలిపి అమ్మే మోడళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. అనలాగు భాగం ముప్ఫై ఏళ్లు నిలుస్తుంది. యాప్ అయిదారేళ్లకే కొత్త ఫోనులో తెరుచుకోకపోవచ్చు. అలాంటివి వాడినవి దొరికితే డిజిటల్ భాగం విలువ కట్టకుండా బేరమాడండి. కొత్తవి కొనేట్లయితే అది మార్చుకోదగ్గ కార్డుగా ఉన్నదే తీసుకోండి.

చివరికి నా ఓటు

హై-ఫై సామానులో వాడినవి కొనదలిస్తే ప్రీయాంపు అంత నమ్మకమైనది మరొకటి లేదు. లేజరు లేదు, మోటారు లేదు, స్పీకరులా చిరిగే ఫోమ్ లేదు, పవర్ యాంపులా మరిగే వేడి లేదు. అరిగేవి నాలుగైదు రకాల చిన్న భాగాలే. అందుకని, ఎల్‌పీలు ఉన్నవాళ్లు, నమ్మకమైన మెకానిక్కు ఊళ్లో ఉన్నవాళ్లు మంచి కంపెనీ పూర్తి అనలాగు ప్రీయాంపు వాడినదే తీసుకోండి, ధరలో పదోవంతు సర్వీసుకు పక్కన పెట్టుకోండి. మెకానిక్కు లేని ఊళ్లో ఉంటే కొత్తది, అదీ మీ రాష్ట్రంలో సర్వీసు ఉన్న కంపెనీది. ఇంట్లో వాల్యూము ఉన్న డ్యాకు ఒక్కటే ఉండి, ఇంకో సోర్సు లేకపోతే రెండూ వద్దు, డ్యాకును నేరుగా పవర్ యాంపుకు కలిపి ఒక నెల విని చూడండి.

వాడినది చూడటానికి వెళ్లేరోజు జేబులో మల్టీమీటరు పెట్టుకోండి. పావుగంట ఆన్‌లో ఉంచి, పాట ఆపి, ప్రతి అవుట్‌పుట్‌లో డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టులు దాటితే రిపేరు ఖర్చు తీసేసి బేరమాడండి, లేదా వదిలేయండి. ఇంటికి తెచ్చాక ముందు ప్రీయాంపు, చివర పవర్ యాంపు ఆన్ చేయండి. కట్టేసేటప్పుడు పవర్ యాంపే ముందు.